ఓదా – శుఖిలా: కార్యాలయాలలో చెత్త వేరుచేయడం నేర్పేది ఎలా?

రాయగడ చెంతనున్న జేకేపూర్ కాగితపు మిల్లు 1962 నుండి పనిచేస్తున్నది. సరిహద్దుకు ఇరువైపులా రైతులు పెంచే నీలగిరి, సుబాబుల్, సరుగుడు వంటి కలప నుండే కాగితపు గుజ్జు తయారవుతుంది. చెట్టు ఎదగడానికి ఏళ్లు పడుతుంది. కాగితం మాత్రం ఏ తహసీలు కచేరీలోనో ఒకవైపు అచ్చుపడి, మరునాటికే తేనీటి కప్పులతో, అరటి తొక్కలతో కలిసి బుట్టలో పడుతుంది. సాయంత్రం ఆవరణ వెనుక దానికి నిప్పు పెడతారు. కాలగా మిగిలినది ఊరి చివరకు చేరుతుంది. అక్కడ పల్లెల పశువులు మేస్తాయి. మెతుకుల వాసనకు ప్లాస్టిక్ సంచిని మింగిన ఆవుకు అది అరగదు, బయటకూ రాదు. కనుక కార్యాలయపు బుట్టలో ఏముందో పల్లెవాసులూ తెలుసుకోవలసి ఉన్నది.

పురపాలక చెత్తపై కేంద్ర నియమాలు 2000లోనే వచ్చాయి. 2016 నాటి నియమాలు చెత్తను తడి, పొడి, ప్రమాదకరం అని మూడుగా వేరుచేసి ఇవ్వవలసిన బాధ్యతను దానిని పుట్టించేవారిపైనే ఉంచాయి. ఒడియాలో తడి చెత్తను ‘ఓదా అళియా’ అనీ, పొడి చెత్తను ‘శుఖిలా అళియా’ అనీ అంటారు. కొరాపుట్, జయపురం, రాయగడ, గుణుపురం కార్యాలయాలలో రెండు భాషలవారూ పనిచేస్తారు గనుక బుట్టలపై రెండు పేర్లూ వ్రాయడం మేలు. బహిరంగంగా చెత్త కాల్చడాన్ని 2016 డిసెంబరులో జాతీయ హరిత ట్రైబ్యునల్ దేశమంతటా నిషేధించి, కొద్దిపాటి దహనానికి 5,000 రూపాయలు, పెద్దమొత్తానికి 25,000 రూపాయలు చొప్పున జరిమానా విధించింది.

ఉద్యోగులకు నేర్పడం బడిపిల్లలకు నేర్పినంత సులభం కాదు. పిల్లవాడు తెలియదని ఒప్పుకుంటాడు, గుమాస్తా ఒప్పుకోడు! అందుచేత ఉపన్యాసం వల్ల ప్రయోజనం తక్కువ. ఒక దినపు చెత్తను పాత గోనెపట్టాపై పోసి, అందరి ఎదుట వేరుచేసి తూచి చూపడమే ఉత్తమమైన పాఠం. తడి తగలని కాగితమెంత, తేనీరు ఒలికి పాడైన కాగితమెంత అన్నది కళ్లకు కనిపిస్తుంది. తడిసి మురికైన కాగితాన్ని పాత సామాన్లవాడు తీసుకోడు. పొడిగా ఉన్నదానిని కిలోల లెక్కన కొంటాడు.

ఆ పిమ్మట ప్రతి బల్ల క్రింద ఉన్న బుట్టను తొలగించి, బల్లపై ఒక కాగితాల పెట్టెను, వరండాలో రెండు బుట్టలను ఉంచవలెను. నాలుగడుగులు నడిచి వేసేవాడు ఏది ఎందులో వేయాలో ఒక్క క్షణం ఆలోచిస్తాడు.

కాగితమంతా ఒక్కటి కాదు. యంత్రం నుండి వచ్చే నున్నని రసీదుకు రసాయనపు పూత ఉంటుంది. కాగితపు కప్పు లోపల పలుచని ప్లాస్టిక్ పొర ఉంటుంది. ఈ రెండింటినీ మంచి కాగితంతో కలపరాదు. స్టీలు గ్లాసులు కొంటే కప్పుల బెడదే ఉండదు. పత్రాలను సన్నని పేలికలుగా చింపితే నార పొట్టిదై కాగితం విలువ తగ్గుతుంది. రహస్యమైన వాటిని మాత్రమే చింపవలెను. అసలు ఒకే నారను సుమారు అయిదు నుండి ఏడుసార్ల వరకే తిరిగి కాగితంగా మార్చగలరు. కనుక రెండవవైపు కూడా వ్రాసుకోవడం అన్నిటికంటె ముందు మాట. ట్యూబులైటులో పాదరసం ఉంటుంది. దానిని, బ్యాటరీలను, పాత ప్రింటరు డబ్బాలను విడిగా భద్రపరచవలెను.

ఇంత నేర్పినా ఒక్క పొరపాటుతో అంతా వృథా అవుతుంది. వేరుచేసిన రెండు బుట్టలనూ ఊడ్చే మనిషి ఒకే గోనెలో కుమ్మరించడం ఉద్యోగి కంటపడితే, మరునాటి నుండి అతడూ మానేస్తాడు. తప్పు ఆ మనిషిది కాదు. ఆమెకు రెండవ గోనె ఎవరూ ఇవ్వలేదు. పాఠం ఆమెతోనే మొదలుకావాలి, చేతి తొడుగులూ ముందు ఆమెకే అందాలి. పగిలిన గాజు, గుండుసూదులు గుచ్చుకునేది ఆమె చేతికే గదా.

ఒడిశా పట్టణాలలో స్వయంసహాయక సంఘాల మహిళలు ‘స్వచ్ఛ సాథీ’లుగా ఇంటింటా ఈ విషయం చెప్పారు. తడి చెత్తతో చేసిన ఎరువును ‘మో ఖత’, అంటే ‘నా ఎరువు’ అనే పేరుతో అమ్మారు. రాయగడ నుండి విజయనగరం వెళ్లే రైలు దారిలోని బొబ్బిలి పురపాలక సంఘం కూడా తడి చెత్తను వానపాముల ఎరువుగా మార్చి పేరు తెచ్చుకున్నది. మధ్యాహ్నం కార్యాలయంలో భోంచేసిన అడ్డాకు విస్తరి సైతం ఆ గుంతకే చేరవచ్చు, దానితోపాటు ప్లాస్టిక్ చెంచా పోకుండా చూస్తే చాలు.