చక్రం వెడల్పయితే చోటు చాలుతుందా?

సైకిలు చక్రం కాస్త వంకరపోయిందనుకోండి. తొక్కుతున్నంతసేపూ బ్రేకు రబ్బరుకో, మడ్‌గార్డుకో ‘సర్‌... సర్‌...’ మని ఒరుసుకుంటూనే ఉంటుంది. సైకిలు మీద అది వట్టి విసుగు మాత్రమే. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోయే కారులో అయితే అదే పెద్ద ప్రమాదం. టైరు పక్కగోడ అరిగి, తెగి, గాలి ఒక్కసారిగా పోతే కారు అదుపు తప్పుతుంది.

అయినా స్పోర్ట్స్ కార్ల మీద మోజున్నవారు చాలామంది కంపెనీ ఇచ్చిన చక్రాలు తీసేసి, అంతకంటె వెడల్పయినవి బిగించుకుంటారు. ఎందుకు? కొందరు అందం కోసమే. కాని అసలు కారణం వేరే ఉంది. ఇంత పెద్ద కారూ రోడ్డును తాకేది ఒక్కొక్క టైరు కింద సుమారు అరచేయంత చోటులోనే! టైరు వెడల్పయితే ఆ చోటు ముందువెనుకలకు పొట్టిగానూ, అడ్డంగా వెడల్పుగానూ మారుతుంది. అప్పుడు మలుపులో పక్కకు జారకుండా పట్టు పెరుగుతుంది.

మరి పెరిగిన వెడల్పు ఎటు పోతుంది? లోపలికా, బయటికా? చిక్కంతా ఇక్కడే ఉంది.

ఒక నిజమైన కారునే తీసుకుందాం. టొయోటా, సుబారు కంపెనీలు కలిసి రూపొందించి 2012లో అమ్మకానికి తెచ్చిన రెండు తలుపుల కారు టొయోటా 86. దీనికి సాధారణంగా వచ్చే రిమ్ము వ్యాసం 17 అంగుళాలు, వెడల్పు 7 అంగుళాలు, ఆఫ్‌సెట్ 48 మిల్లీమీటర్లు.

ఆఫ్‌సెట్ అంటే ఏమిటి? రిమ్ము వెడల్పుకు సరిగ్గా నడిమధ్య ఒక గీత ఊహించుకోండి. చక్రాన్ని ఇరుసు చివర ఉన్న హబ్‌కు బోల్టులతో బిగించే ముఖం ఆ గీత మీదే ఉండనక్కరలేదు. ఈ కారులో ఆ ముఖం నడిగీతకు 48 మి.మీ. బయటివైపున ఉంది. ఆ దూరమే ఆఫ్‌సెట్. అది పెరిగితే చక్రం కారు లోపలికి జరుగుతుంది. తగ్గితే బయటికి వస్తుంది.

ఇప్పుడు కాగితం, పెన్సిలు తీయండి. 7 అంగుళాలంటే సుమారు 178 మి.మీ. అందులో సగం 89. హబ్ ముఖం నుంచి లోపలికి 89 + 48 = 137 మి.మీ., బయటికి 89 – 48 = 41 మి.మీ. ఉన్నాయన్నమాట.

8 అంగుళాల రిమ్ము వేద్దాం. సగం సుమారు 102 మి.మీ. ఆఫ్‌సెట్ 48 గానే ఉంటే లోపలికి 150, బయటికి 54. అంటే రెండు వైపులా 13 మి.మీ. చొప్పున పెరిగింది. ఆఫ్‌సెట్ 35 అయితే? లోపలికి పాత 137 మి.మీ. అలాగే ఉంటుంది. బయటికి మాత్రం 67 అవుతుంది. పెరిగిన అంగుళమంతా బయటికే వచ్చింది! చూశారా, వెడల్పు ఒకటే అయినా రెండు చక్రాలూ కూర్చునే తీరు వేరు.

లోపలికి మరీ జరిగితే టైరు సస్పెన్షన్ స్ప్రింగును మోసే స్ట్రట్‌కు తగులుతుంది. బయటికి మరీ వస్తే, గతుకులో కారు కిందికి నొక్కుకున్నప్పుడు మడ్‌గార్డు అంచు టైరును కోస్తుంది. పైగా టైరు పొట్ట రిమ్ము కంటె ఉబికి ఉంటుంది కనుక దాన్ని కూడా లెక్కలో కలుపుకోవాలి.

ఎత్తు సంగతీ చూడాలి. ఈ కారు టైరు మీద 215/45 ఆర్ 17 అని ఉంటుంది. వెడల్పు 215 మి.మీ., పక్కగోడ ఎత్తు అందులో 45 శాతం అని అర్థం. లెక్క కడితే చక్రం మొత్తం వ్యాసం సుమారు 625 మి.మీ. అదే 225/45 వేస్తే 634 అవుతుంది. ఆ 9 మి.మీ. వల్ల స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు ముందు టైరు చక్రపు గూటి గోడకు తగలవచ్చు. స్పీడామీటరు కూడా అసలు వేగం కంటె తక్కువ చూపే వైపుకు జరుగుతుంది.

కొలతలన్నీ సరిపోయాయన్నా జాగ్రత్తగల మెకానిక్కు అంతటితో ఊరుకోడు. టైరుకు దగ్గరగా ఉన్న చోట్ల మెత్తని బంకమట్టి ముద్దలు అంటిస్తాడు. కారులో బరువు పెట్టి, మెల్లగా నడుపుతూ స్టీరింగును రెండు వైపులా చివరిదాకా తిప్పుతాడు. తరువాత నలిగిన ముద్ద ఎంత మందం మిగిలిందో కొలుస్తాడు. అదే అక్కడ మిగిలిన ఖాళీ!

చోటు చాలకపోతే చక్రం పైభాగాన్ని కొద్దిగా లోపలికి వాల్చవచ్చు. కాని ఎక్కువ వాల్చితే టైరు లోపలి అంచు త్వరగా అరిగిపోతుంది. మడ్‌గార్డు లోపలి అంచును మడిచేవారూ ఉన్నారు. అన్నిటికంటె తేలిక, కొనకముందే లెక్క వేసుకోవడం. డబ్బిచ్చి తెచ్చాక చక్రాన్ని చెక్కలేము గదా!

మీరూ చేయండి: 8 అంగుళాల రిమ్ము, ఆఫ్‌సెట్ 42. పాతదానికంటె లోపలికి ఎంత, బయటికి ఎంత పెరుగుతుంది?

(జవాబు: లోపలికి 7, బయటికి 19 మి.మీ.)