కాలిబాటకు శత్రువు నీరు

అడవిలో కొండవాలున ఒక కాలిబాట ఉన్నదనుకొందము. నడచువారి పాదముల వలన మట్టి గట్టిపడి, బాట నడుమ క్రమముగా పల్లమగును. గట్టిపడిన నేలలోనికి నీరు సులభముగా ఇంకదు. వాన కురిసినపుడు పైనుండి వచ్చిన నీరు ఆ పల్లమునే త్రోవగా చేసికొని క్రిందికి పరుగిడును. ఇట్లు మనుష్యులకై వేసిన బాట నీటికి కాలువ యగును.

ప్రవాహవేగము రెండింతలైనచో అది దొర్లింపగల రాతి బరువు సిద్ధాంతరీత్యా రెండింతలు కాదు, 64 రెట్లగును. ఆ బరువు వేగము యొక్క ఆరవ ఘాతమును బట్టి మారును. వాలు హెచ్చిన చోట బాట అంత త్వరగా ఏల కోసుకొనిపోవునో దీనివలన తెలియుచున్నది.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో జాతీయ అరణ్యముల విస్తీర్ణము 19 కోట్ల ఎకరములకు పైగా ఉన్నది. వానిలోని బాటలన్నిటి పొడవు దాదాపు 2.5 లక్షల కిలోమీటర్లు. ఇంత బాటను కాపాడుటకు జీతగాండ్రు మాత్రమే చాలరు. 1972లో ఆ దేశము ఒక చట్టము చేసి, అరణ్యశాఖ ప్రజల నుండి స్వచ్ఛంద సేవను స్వీకరించుటకు వీలు కల్పించినది. ఈ సేవకులకు జీతము లేదు. కాని పనిలో గాయపడినచో ప్రభుత్వోద్యోగులకు వలెనే పరిహారము లభించును. గొడ్డళ్ళతో, బండరాళ్ళతో చేయు పనిలో ఇది చిన్న విషయము కాదు.

వారి పని నీటిని ఆపుట కాదు, బాట మీదినుండి తప్పించుట. బాటకు అడ్డముగా ఒక దుంగనో రాళ్ళ వరుసనో పాతి, దాని కొస దగ్గర పల్లపువైపునకు చిన్న బోదె తీయుదురు. దీనిని అక్కడ ‘వాటర్ బార్’ అందురు. మన రైతు పొలములో నీటిని మళ్ళించుటయు ఇట్టిదే. దుంగను బాటకు లంబముగా ఉంచిన చాలునని తోచవచ్చును. అది పొరపాటు. అట్టి దుంగకు తగిలి నీరు నిలిచిపోవును. నిలిచిన నీరు మోసికొని వచ్చిన మట్టిని అక్కడనే దింపివేయును. మట్టి దుంగ ఎత్తునకు పేరుకొనగానే నీరు దానిమీదుగా దుమికి మరల బాటనే పట్టును. సుమారు 45 డిగ్రీల కోణములో పాతినచో నీరు వేగమును కోల్పోక, మట్టిని కూడ వెంటగొని ప్రక్కకు పోవును. అయినను ఆకులు చేరి బోదె పూడుట తప్పదు. ఏటేట పారతో దానిని శుభ్రము చేయవలసినదే. బాటను పరిశీలించుటకు వాన కురియునపుడే మంచి అదను.

1964 నాటి చట్టము ప్రకారము ‘వైల్డర్‌నెస్’గా నిర్ణయింపబడిన అరణ్యభాగములలో సాధారణముగా యంత్రములను వాడరాదు. బాటపై కూలిన మహావృక్షమును ఇద్దరు చెరియొక కొసను పట్టి లాగు పెద్ద రంపముతో కోయుదురు. వంగి పడియున్న మానులో ఒక ప్రక్క లాగుడును, వేరొక ప్రక్క నొక్కుడును ఉండును. ఇది గమనింపక కోసినచో రంపము బిగిసిపోవును, లేదా దుంగ విదిలించి కొట్టును. అందుచేత శిక్షణ పొంది, పరీక్షలో నెగ్గినవారికే రంపము పట్టుటకు అనుమతి.

ఇంతకును బాట నుండి కొట్టుకొనిపోయిన మట్టి ఎక్కడకు చేరును? దిగువనున్న వాగునకు. కొండవాగులలో ఆడ ట్రౌట్ చేప తోకతో గులకరాళ్ళను కదలించి, గుంట చేసి, అందు గ్రుడ్లు పెట్టి, మరల రాళ్ళతో కప్పును. గ్రుడ్డులోని పిండమునకు ప్రాణవాయువు కావలెను. రాళ్ళ సందులగుండ పారు చల్లని నీరే దానిని అందించును. మెత్తని మట్టి ఆ సందులను పూడ్చినచో, పైన వాగు ఎప్పటివలెనే పారుచున్నను క్రింద గ్రుడ్లకు ఊపిరి అందదు. గ్రుడ్డు పగిలి వెలువడిన పిల్లలు సైతము పైకి రాలేక చిక్కుకొనును. కావుననే బాట వాగును సమీపించుటకు ముందే నీటిని చెట్ల మధ్యకు మళ్ళింతురు. అక్కడి ఆకుల పొర మట్టిని వడగట్టును. పారతో బోదె తీయువాడు చేపపిల్లను చూడకపోవచ్చును గాని, అతడు కాపాడునది దానిని కూడ.

మృగములకై సూటిగా చేయు పనులును కలవు. పశ్చిమ రాష్ట్రముల గడ్డిమైదానములలో ప్రాంగ్‌హార్న్ అను జింకవంటి మృగము ఉన్నది. అది మిక్కిలి వేగముగా పరుగెత్తగలదు. కాని కంచెను దుముకుటకు మాత్రము సాధారణముగా ఇష్టపడదు. అడ్డములేని మైదానములలో పుట్టి పెరిగిన జాతికి దుముకవలసిన అవసరము ఏమి? కంచె ఎదురైనచో అడుగుతీగ క్రిందుగా దూరును. ముళ్ళు వీపును గీరి, వెండ్రుకలు ఊడి, పుండ్లు పడును. సేవకులు మైళ్ళ కొలది కంచె వెంట నడచి, అడుగున ముళ్ళతీగను తీసివేసి, నున్నని తీగను నేలకు 40 నుండి 45 సెంటీమీటర్ల ఎత్తున బిగించుచున్నారు. పశువులు ఆగును; ప్రాంగ్‌హార్న్ గాయము లేకుండ దూరిపోవును.