కళ్ళకు కట్టే పెట్టె

మా అమ్మకు ఎనభై రెండేళ్ళు. సింహాచలం అప్పన్నను చూసి తొమ్మిదేళ్ళయింది. నందపూర్ నుంచి పాడువా, అరకు మీదుగా ఘాట్ రోడ్డులో అంత దూరం ఆవిణ్ణి తీసుకువెళ్ళకుండా నేను ఏటా ఏదో ఒక సాకు చెబుతూ వచ్చాను. ఒక ఏడు వానలు, ఒక ఏడు ఆవిడ మోకాళ్ళు, ఇంకో ఏడు నా నడుము. అందుకే బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి సంక్రాంతికి వస్తూ వర్చువల్ రియాలిటీ హెడ్‌సెట్ ఒకటి తెచ్చి, "నాయనమ్మకి సింహాచలం ఇక్కడే చూపిస్తాను నాన్నా" అన్నప్పుడు అందరికంటే ఎక్కువ సంతోషించినవాణ్ణి నేనే.

ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి ఆ పెట్టెను కళ్ళకు కట్టాడు. అన్ని వైపులా ఒకేసారి తీసిన వీడియో అది. తల ఎటు తిప్పితే అటు కొండ, మెట్లు, గోపురం, జనం. అమ్మ కాసేపు మాట్లాడలేదు. తరువాత రెండు చేతులూ జోడించింది. ఆ వెంటనే కంగారుగా, "ఒరే, నా చేతులేవిరా?" అంది.

అందరం నవ్వాం. ఆవిడ ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. ఆ నాలుగు రోజులూ మా అబ్బాయి దగ్గర కూర్చుని ఈ యంత్రాల సంగతి అడిగి తెలుసుకున్నాను.

అమ్మ చిన్నప్పుడు సంతకు బయస్కోపు పెట్టె వచ్చేదట. కన్నానికి కన్ను ఆనిస్తే లోపల కాశీ, రామేశ్వరం, తాజ్‌మహలు. "ఇదీ అదేగా" అని తేల్చేసింది. అందులో తప్పేమీ లేదు. తేడా అల్లా రెండు కళ్ళ లెక్కలో ఉంది. మన కళ్ళ మధ్య సుమారు రెండున్నర అంగుళాల ఎడం ఉండటం వల్ల ఒక్కొక్క కంటికి ఒక్కొక్క రకంగా కనిపిస్తుంది. ఆ రెంటినీ కలుపుకుని మెదడు లోతు గ్రహిస్తుంది. ఒక కన్ను మూసుకుని సూదిలో దారం ఎక్కించి చూడండి, తెలుస్తుంది.

ఈ కిటుకును 1838లో ఛార్లెస్ వీట్‌స్టన్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు లోకానికి వివరించాడు. రెండు అద్దాలు ఏటవాలుగా పెట్టి, ఒక్కొక్క కంటికి ఒక్కొక్క బొమ్మ చూపించాడు. అప్పటికి ఫొటోలు ఇంకా బయటికి రాలేదు, గీసిన బొమ్మలే. డేవిడ్ బ్రూస్టర్ అద్దాలకు బదులు కటకాలు పెట్టి దాన్ని చేతిలో పట్టేంత చేశాడు. 1851 లండన్ ప్రదర్శనలో విక్టోరియా రాణి దాన్ని చూసి ముచ్చటపడ్డాక ఇంటింటికీ చేరింది. మా తరం వాళ్ళకు బాగా తెలిసింది వ్యూ మాస్టర్. 1939లో అమెరికాలో వచ్చింది. గుండ్రటి అట్ట మీద పద్నాలుగు బుల్లి ఫిల్ము ముక్కలు, అంటే ఏడు దృశ్యాలు. మీట నొక్కితే దృశ్యం మారేది.

వీటన్నిటిలోనూ బొమ్మ కదలకుండా ఉంటుంది. మనం తల తిప్పితే బొమ్మ కూడా తగినట్టు మారాలంటే కంప్యూటరు కావలసి వచ్చింది. 1968లో అమెరికాలో ఐవన్ సదర్లండ్ ఆ పని చేశాడు. ఆ యంత్రాన్ని పైకప్పు నుంచి వేలాడదీయవలసి వచ్చింది. ఎప్పుడు మీద పడుతుందో అన్నట్టుండటంతో గ్రీకు కథలోని డెమోక్లిస్ కత్తి పేరు దానికి స్థిరపడింది. నన్ను ఆశ్చర్యపరిచిన సంగతి ఇంకొకటి. అందులో ఎదురుగా ఉన్న గది కూడా కనిపించేది. దాని మీద కంప్యూటరు గీసిన వెలుగు గీతలు తేలేవి. అంటే అమ్మ కోరిన తీరు అప్పుడే ఉందన్న మాట.

చుట్టూ ఉన్నదంతా మూసేసి వేరే లోకం చూపేది వర్చువల్ రియాలిటీ. ఆ పేరును వ్యాప్తిలోకి తెచ్చినవాడు 1980లలో జారన్ లానియర్. ఉన్న లోకాన్ని ఉంచి దాని మీద బొమ్మో రాతో పరిచేది ఆగ్మెంటెడ్ రియాలిటీ. ఈ మాట 1990 ప్రాంతంలో బోయింగ్ విమానాల కంపెనీలో పుట్టింది. వేల తీగలు ఏది ఎక్కడ బిగించాలో పనివాడి కళ్ళ ముందే చూపించాలని వాళ్ళ ఆలోచన. 2016లో పిల్లలు ఫోన్లు పట్టుకుని వీధుల వెంట బొమ్మల్ని వేటాడిన పోకెమాన్ గో ఆట కూడా ఈ కోవలోదే.

ఇక పరికరాలు. 2014లో గూగుల్ అట్టపెట్టెలో ఫోను పెట్టుకుని చూసే కార్డ్‌బోర్డ్ తెచ్చింది. చవక. కానీ దానికి తల తిప్పడం తెలుస్తుందే తప్ప, మనిషి ఒక అడుగు ముందుకు వేస్తే తెలియదు. 2019లో వచ్చిన ఆక్యులస్ క్వెస్ట్ వంటివి ఒంటి మీది కెమెరాలతో మన అడుగుల్నీ, చేతుల్నీ కూడా గమనిస్తాయి. 2024లో యాపిల్ తెచ్చిన విజన్ ప్రో ధర 3,499 డాలర్లు. మా వీధిలో ఆ డబ్బుకు మంచి మోటారు సైకిళ్ళు రెండు వస్తాయి.

మరి అమ్మ చేతులు ఎందుకు కనపడలేదు? ఆ వీడియో తీసినప్పుడు అక్కడ ఉన్నది కెమెరా, మనిషి కాదు. అమ్మ కెమెరా ఉన్న చోట కూర్చుంది. కెమెరాకు చేతులుండవు.

అన్నట్టు, ఈ రంగంలో మనవాళ్ళూ ఉన్నారు. 2017లో బాహుబలి లోకం మీద ఒక వర్చువల్ రియాలిటీ చిత్రం తయారైంది. దాని వెనక ఉన్న ఎ.ఎమ్.డి. కంపెనీలో అప్పుడు గ్రాఫిక్స్ విభాగాన్ని నడిపిన కోడూరి రాజా చదివింది ఆంధ్ర విశ్వవిద్యాలయంలో. ఆ విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చినవారు మన జయపురం మహారాజు విక్రమదేవ వర్మ.

వీడియోలో కెమెరా నడవడం మొదలుపెట్టగానే అమ్మకు కళ్ళు తిరిగాయి. కన్ను నడుస్తున్నానంటుంది, చెవి లోపలి తులనాంగం కూర్చున్నానంటుంది. ఆ తగువే వికారం. పెద్దవాళ్ళకు కట్టేటప్పుడు కుర్చీలోనే ఉంచండి, పక్కన మనిషి ఉండాలి, ఐదు నిమిషాలు చాలు. పిల్లల విషయంలో, పదేళ్ళ లోపు వారికి వద్దని మెటా, పదమూడేళ్ళ లోపు వారికి వద్దని యాపిల్ చెబుతున్నాయి.

మర్నాడు మా అబ్బాయి ఆ పెట్టెలోని ముందు కెమెరాలు తెరిచి, మా ముందు గది అలాగే కనిపించేటట్టు చేసి, గోడ మీద గోపురం ఫొటో ఒకటి పెద్దదిగా నిలబెట్టాడు. ఈసారి అమ్మకు తన చేతులు కనిపించాయి. తృప్తిగా దణ్ణం పెట్టుకుంది. తరువాత, "స్వామి ఏడీ?" అంది. గర్భాలయంలోకి కెమెరాను రానివ్వరని వాడు చెప్పాడు.

అమ్మ పెట్టె విప్పించుకుని కళ్ళు తుడుచుకుంది. "ఇక్కడి బత్తీస్ సింహాసనం ముప్పై రెండు మెట్లూ ఇందులో పట్టి, సాలూరులో మీ చిన్నమామ్మకి చూపించు నాన్నా. అది పుట్టింది ఈ ఊళ్ళోనే, ఇప్పుడు మంచం దిగలేదు" అంది మనవడితో. నా వైపు తిరిగి, "నేను లేచి తిరుగుతూనే ఉన్నాను కదరా. నాకు కారు మాట్లాడు" అంది.

మాఘమాసంలో బయలుదేరుతున్నాం.