చిట్టికారునకు నైట్రో ఇంజను

రేడియో సంకేతములచే నడచు చిట్టికారునకు నైట్రో ఇంజను కొనబోవువాడు ముందుగా కారు పరిమాణమును చూడవలెను; అసలు వాహనములో ఎనిమిదవ వంతుగల బగ్గీకి 3.5 సీసీ, పదవ వంతుగల రోడ్డుకారునకు 2.1 సీసీ ఇంజను వాడుక. మెథనాలు, నైట్రోమీథేను, నూనె కలిసిన ఇంధనముతో నడచు ఈ యంత్రమునకు స్పార్కు ప్లగ్గుండదు. గ్లో ప్లగ్గులోని ప్లాటినపు తీగచుట్ట, బ్యాటరీతో ఒకసారి ఎఱ్ఱబడిన పిమ్మట, మెథనాలు స్పర్శచేతను దహనపు వేడిమిచేతను తానే జ్వలించుచుండును.

పిస్టను కదలాడు ఇత్తడి స్లీవు పైభాగమున ఇంచుక ఇరుకగుటచే, చల్లని కొత్త ఇంజను ఫ్లైవీలును వ్రేళ్లతో త్రిప్పిచూచినచో, పిస్టను పైకి చేరుచోట బిగిసి పట్టును. ఎఱుగనివాడు దీనిని లోపమని తలచి దుకాణమునకు మరలింపబోవును (నేనును బోయితిని), కాని ఆ పట్టే ఇంజను ఆయుర్దాయము. పాత ఇంజనులో అది సడలియున్నచో, ఎంత చౌకయైనను కొనరాదు. కొత్తదానిని తొలి కొన్ని ట్యాంకులు ఇంధనపు సూదిమర కొంచెము వదులుచేసి, పొగ కనబడుచుండగా నడపవలెను.