పాలబండికి ఇంజన్ మార్చే ముందు

మేము తనిఖీకి వెళ్లినప్పుడు పాల కొలతల రిజిస్టరు, వెన్న పరీక్ష పుస్తకం, చెల్లింపుల పట్టీ చూచిన తరువాత, సొంత బండి ఉన్న సంఘంలో తప్పక అడిగే ప్రశ్న ఒకటి ఉన్నది. ఇంజన్ మార్పించినట్లు ఓచరు కనబడితే, "పాత ఇంజన్ ఎక్కడున్నది?" అని అడుగుతాము. చాలా చోట్ల కార్యదర్శి గారు అధ్యక్షుల వారి వైపు, అధ్యక్షుల వారు డ్రైవరు వైపు చూస్తారు.

కొంతకాలం క్రితం ఒక సంఘంలో జరిగినది చెప్పుతాము. ఊరి పేరు అనవసరం. నాలుగు గ్రామాల పాలు క్యాన్లలో ఎక్కించుకుని బల్క్ కూలరుకు చేర్చే పికప్ బండి వారికున్నది. పన్నెండేళ్లు నడిచింది. నీలం పొగ వదులుతోందనీ, ఎత్తు ఎక్కలేకపోతోందనీ మెకానిక్‌కు చూపించారు. అతడు స్టార్టు చేయించి, పొగ చూచి, "ఇంజన్ పోయింది" అన్నాడు. పాలకవర్గం ఆ సాయంత్రమే తీర్మానం రాసింది. పట్నంలో తుక్కు బళ్ల దుకాణం నుండి వాడిన ఇంజన్ ఒకటి తెచ్చి, బిగింపుతో కలిపి అరవై వేలలో పని ముగించారు. రెండు నెలలకే పొగ మళ్లీ కనబడింది. నాలుగో నెలలో కింద బేరింగులు కొట్టుకోవడం మొదలై, ఒకనాటి ఉదయం పాలతో సహా బండి రోడ్డు మీద ఆగిపోయింది. ఎండాకాలం. వేరే బండి దొరికేసరికి తొమ్మిది దాటింది. పద్నాలుగు క్యాన్ల పాలు కాచి చూసే పరీక్షలో విరిగిపోయినవి. నలభై లీటర్ల క్యాన్లు, అంటే 560 లీటర్లు. ఆ నష్టం ఎవరి లెక్కలో వేయాలన్న విషయమై మహాజనసభలో జరిగిన రభస మేము కళ్లారా చూచాము.

అసలు సంగతి తరువాత బయటపడింది. ఎయిర్ ఫిల్టరు నుండి ఇంజన్‌కు వెళ్లే రబ్బరు గొట్టం చీలి ఉన్నది. చీలిన చోట సైకిలు ట్యూబు ముక్క చుట్టి కట్టారు. ఫిల్టరు ఎంత శుభ్రంగా ఉన్నా, దాని తరువాతి గొట్టం చీలితే మట్టిరోడ్ల దుమ్ము నేరుగా సిలిండర్లలోకి పోతుంది. ఆ దుమ్ము లోపల ఆకురాయి పని చేస్తుంది. రింగులు, బోరు అరిగిపోతాయి. ఆయిలులో కలిసి బేరింగులను కూడా తింటుంది. పాత ఇంజన్‌ను చంపిన గొట్టాన్నే కొత్తగా తెచ్చినదానికీ తగిలించారన్న మాట.

కావున పాలకవర్గం మొదట తేల్చుకోవలసినది ఇంజన్ నిజంగా అరిగిందా, అరిగితే ఎందువల్ల అన్నది. నల్ల పొగ వస్తే ముందు ఎయిర్ ఫిల్టరు, ఇంజెక్టర్లు, పంపు చూపించండి. తెల్ల పొగతో పాటు రేడియేటరులో నీరు తగ్గుతుంటే హెడ్ గాస్కెట్ దెబ్బ తిన్నదేమో చూడాలి. అది ఇంజన్ మార్చే ఖర్చు కాదు. ఉదయం స్టార్టు కాకపోవడానికి బ్యాటరీ బలహీనమైనా, డీజిలు లైనులో గాలి చేరినా చాలు. నీలం పొగ విషయం వేరు. అది ఆయిలు కాలుతున్న గుర్తు. ఇంజన్ నడుస్తుండగా ఆయిలు పోసే మూత తీస్తే పొగ ఉబ్బుగా తన్నుతూ, మూడు వందల కిలోమీటర్లకు ఒక లీటరు ఆయిలు పోయవలసి వస్తే అనుమానం బలపడుతుంది. అప్పుడు కంప్రెషన్ గేజ్ పెట్టించి, నాలుగు సిలిండర్లకూ విడివిడిగా కొలిపించాలి. బండి తయారీదారు పుస్తకంలో ఇచ్చిన అంకెతో పోల్చి, ఆ కొలతలు మినిట్స్ పుస్తకంలో రాయించండి. "మెకానిక్ చెప్పినాడు" అన్న మాట మాకు ఓచరుగా పనికిరాదు.

అరిగిందని తేలితే దారులు మూడు. ఉన్న ఇంజన్‌నే విప్పించి లేత్ షాపులో బోరు చేయించడం లేక లైనర్లు మార్పించడం, పిస్టన్లు, రింగులు, బేరింగులు కొత్తవి వేయించడం మొదటిది. బ్లాకు పగలకుండా, క్రాంక్ షాఫ్టు గ్రైండింగుకు ఇంకా చోటు ఉన్నంతవరకు పాత రకం బళ్లకు మా ఓటు దీనికే. రెండవది, బిల్లుతో, గ్యారంటీతో కొత్త ఇంజన్ గాని బాగుచేసిన ఇంజన్ గాని కొనడం. ఖర్చు ఎక్కువ, రోజులు తక్కువ. మూడవది తుక్కు దుకాణం ఇంజన్. అది ఎన్ని లక్షల కిలోమీటర్లు తిరిగిందో అమ్మేవాడికీ తెలియదు. కొనక తప్పకపోతే సంపు విప్పించి బేరింగులు చూడకుండా, కంప్రెషన్ కొలవకుండా డబ్బు ఇవ్వకండి.

ధర ఒక్కటే చూడరాదు, లీటరుకు ఎంత పడుతుందో లెక్క కట్టాలి. ఉదాహరణకు, రోజుకు 600 లీటర్లు మోసే బండికి 1,20,000 రూపాయలతో బోరు చేయించారనుకుందాం. మూడేళ్లు నడిస్తే 6,57,000 లీటర్లు. లీటరుకు పద్దెనిమిది పైసలు. అరవై వేల ఇంజన్ నాలుగు నెలలు నడిస్తే 72,000 లీటర్లు; లీటరుకు ఎనభై మూడు పైసలు. విరిగిన పాలు ఇందులో కలపలేదు. పని జరిగే రోజుల్లో అద్దె బండికయ్యే ఖర్చు కూడా అంచనాలోనే చేర్చండి. గేదెలు ఎండిపోయి పాలు తగ్గిన నెలల్లో ఈ పని పెట్టుకుంటే చిన్న అద్దె బండితో సరిపోతుంది. ఛాసిస్, బాడీ తుప్పు పట్టి కూలబోతున్న బండికి మాత్రం ఏ ఇంజనూ వేయించకండి.

ఇంజన్ దించిన రోజున క్లచ్ ప్లేటు, ఇంజన్ ఫౌండేషన్ రబ్బర్లు, నీటి గొట్టాలు, ఫ్యాన్ బెల్టు చూపించండి. దించే కూలి ఎలాగూ ఇచ్చారు. రేడియేటరు విప్పించి కడిగించాలి. ఎయిర్ గొట్టం కొత్తది వేయాలి, ట్యూబు ముక్కలు వద్దు.

ఇక కాగితాలు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం వేరే ఇంజన్ బిగించాలంటే రిజిస్టరింగ్ అధికారి అనుమతి ముందుగా తీసుకోవాలి. బిగించిన పద్నాలుగు రోజులలోపు ఆర్.సి.తో సహా తెలియజేసి కొత్త నంబరు ఎక్కించుకోవాలి. పది రవాణా బళ్లకు తక్కువ కాని యజమానులకు సడలింపు ఇచ్చే వీలు చట్టంలో ఉన్నది గాని, ఒక్క బండి సంఘాలకు దానితో పని లేదు. ఇంజన్ అదే తయారీ, అదే రకం అయి ఉండాలి. కామన్ రైలు ఇంజన్ ఉన్న బండికి పాత పంపు ఇంజన్ చవకగా వస్తుందని వేయించడం వైరింగుకూ సరిపడదు, పొగ నిబంధనలకూ సరిపడదు. బండి మీద అప్పు ఉంటే బ్యాంకు వారి లిఖిత సమ్మతి పొందండి. ఇన్సూరెన్సు కంపెనీకి కొత్త నంబరు తెలియజేయండి. వాడిన ఇంజన్ అయితే అమ్మినవారి బిల్లు, అది ఏ బండిలోనిదో ఆ ఆర్.సి. నకలు ఫైలులో ఉండాలి. లేనిచో అది దొంగ సొత్తు కాదని ఎవరు చెప్పగలరు? ఎనిమిదేళ్లు దాటిన రవాణా బండికి ఏటా ఎఫ్.సి. తప్పదు. మేము చెప్పిన సంఘం బండి ఎఫ్.సి.కి వెళ్లినప్పుడు బ్రేకు ఇన్‌స్పెక్టరు గారు ఇంజన్ నంబరు దగ్గరే ఆగిపోయి బండిని వెనక్కు పంపారు.

కొత్తగా కట్టిన ఇంజన్‌ను మొదటిసారి తిప్పేటప్పుడు డీజిలు అందకుండా చేసి, ఆయిలు ప్రెషరు లైటు ఆరేవరకు స్టార్టరుతో కొద్దికొద్దిగా తిప్పించాలి. మొదటి వెయ్యి కిలోమీటర్లు సగం క్యాన్లతోనే నడపండి. ఆ తరువాత ఆయిలు, ఆయిలు ఫిల్టరు మార్చండి. క్యాన్లు దించుతున్నంతసేపు ఊరికే నడుస్తూ ఉంచే అలవాటు మన డ్రైవర్లకు ఉన్నది. కొత్త రింగులకు అది కూడా చెరుపే.

విప్పిన సామాను, పాత ఇంజన్ సంఘం ఆస్తి. అమ్మితే తీర్మానం, ధరల పోలిక, రసీదు ఉండాలి. ఆస్తుల రిజిస్టరులో నంబరు మార్చాలి.

ఆ సంఘం వారు చివరకు షెడ్డులో దాణా బస్తాల వెనుక పడి ఉన్న తమ మొదటి ఇంజన్‌నే బోరు చేయించుకున్నారు. ఆర్.సి.లో ఉన్నది దాని నంబరే గనుక ఎఫ్.సి. కూడా అయిపోయింది. తుక్కు దుకాణం ఇంజన్ అమ్మిన రసీదు ఫైలులో చూచాము. ఆ తరువాతి తనిఖీలో మా పాత ప్రశ్న అడిగితే, డ్రైవరు మాట్లాడకుండా బానెట్టు ఎత్తి చూపించాడు.