ఫిరంగికి రబ్బరు కాళ్లు

1948 సెప్టెంబరు 13న విజయవాడ వైపు నుంచి హైదరాబాద్ సంస్థానంలోకి కదిలిన భారత సైన్యం ఉదయం ఎనిమిదిన్నరకల్లా కోదాడ చేరింది. ప్రతిఘటనను దాటుకుంటూ మధ్యాహ్నానికి మునగాలలో ఉంది. ఆనాటి మన సైన్యంలో ప్రధాన ఫిరంగి బ్రిటిష్ వాళ్ల 25 పౌండర్. మోటారు వెనక తగిలిస్తే మోటారుతో పాటే పరుగెత్తేది.

దాని పూర్వీకుడికి ఆ వేగం లేదు. 1904లో వచ్చిన 18 పౌండర్‌ను ఆరు గుర్రాలు లాగేవి. చక్రం అచ్చం ఎడ్లబండిదే. చెక్క ఆకులు, పూటీలు, చుట్టూ ఇనుప పట్టా. గుర్రాల నడకకు అది చాలు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ట్రాక్టరు, లారీ వచ్చేసరికి చిక్కంతా చక్రంలోనే తేలింది. వేగం పెంచితే ప్రతి రాయి దెబ్బా ఇరుసుకు, అక్కణ్ణుంచి గురిచూసే పరికరాలకు తగిలేది. ఆకులు వదులయ్యేవి. కొందరు ఫిరంగినే లారీ ఎక్కించి మోశారు. మరి దింపి, నిలబెట్టేదాకా శత్రువు ఆగుతాడా?

గొట్టం మాత్రం నిక్షేపంగా ఉంది. దాన్ని పారేసి కొత్త ఫిరంగి చేయించేంత డబ్బు 1930ల మాంద్యంలో చాలా దేశాల ఖజానాల్లో లేదు. అమెరికాలో మార్టిన్-ప్యారీ కంపెనీ చవకలో దారి చూపింది. పాత బండికి ఒక అదనపు అమరిక బిగించి, బేరింగులున్న చిన్న ఉక్కు చక్రాలు, వాటికి గాలి టైర్లు పెట్టింది. 1897 నాటి ఫ్రెంచి 75 మిల్లీమీటర్ల ఫిరంగి కూడా అలా లారీ వెంట పడింది. బ్రిటన్ తన 18 పౌండర్లకు టైర్లు తొడిగింది, కొన్నిటికి గొట్టం మార్చి 18/25 పౌండర్ చేసింది. 1940లో వాటిలో చాలావాటిని ఫ్రాన్సులో వదిలేసి రావాల్సి వచ్చింది.

దారిలో మేలు చేసే టైరే కాల్చేటప్పుడు కీడు చేస్తుంది. గాలి నింపింది ఎగరక మానదు, బండి ఊగితే గురి చెదురుతుంది. 25 పౌండర్ అందుకే తన కింద గుండ్రటి ఉక్కు వేదికను మోసుకెళ్లేది. దాన్ని నేలమీద పరిచి చక్రాలు పైకెక్కిస్తే దెబ్బ నేలకు దిగేది, ఒక్క మనిషే ఫిరంగిని ఏ దిక్కుకైనా తిప్పగలిగేవాడు. నా దృష్టిలో టైరు కన్నా తెలివైన భాగం అదే. 1965, 1971 యుద్ధాల్లోనూ ఆ ఫిరంగి మనకు పనికొచ్చింది.

ఇప్పుడు లెక్క తిరగబడింది. రష్యన్ ఎం-46 ఫిరంగి బండిని చాలావరకు ఉంచేసి, 130 మిల్లీమీటర్ల గొట్టం తీసి 155 మిల్లీమీటర్లది బిగించారు. పేరు 'శారంగ్'. 2020లో సైన్యానికి అందడం మొదలైంది. 27 కిలోమీటర్లు వెళ్లే గుండు 36 దాటుతోంది.