గ్రామమున చిత్రప్రదర్శనము

మన పల్లెలను చూపు చిత్రములు మన పల్లెలకు రాకపోవుట వింతగా తోచును. నాట్లు వేయు స్త్రీలను, సంతకు పోవు బండ్లను, జాతరలోని జనమును పట్టణమునుండి వచ్చిన ఛాయాచిత్రకారుడు తీసికొనిపోవును. ఆ చిత్రము హైదరాబాదులోనో ఢిల్లీలోనో గోడకెక్కును. అందులోనున్నవారు మాత్రము దానిని ఎన్నడును చూడరు.

చిత్రలేఖనము సంగతియు ఇట్లే యున్నది. మన కాలపు ప్రసిద్ధ చిత్రకారులలో శ్రీ కె. లక్ష్మాగౌడ్ 1940లో మెదక్ జిల్లా నిజాంపూరులోను, శ్రీ తోట వైకుంఠం 1942లో నాటి కరీంనగరు జిల్లా బూరుగుపల్లిలోను జన్మించిరి. ఇరువురును పల్లెజీవితమునే తమ చిత్రములకు వస్తువుగా గైకొనిరి. మొదటివారి రేఖలలో మేకలు, చెట్లు, పల్లెజనము కానవచ్చును. రెండవవారి పటములలో నుదుట పెద్ద కుంకుమబొట్టు, ముదురురంగు చీరలు ధరించిన తెలంగాణ స్త్రీలు ఠీవిగా నిలిచియుందురు. ఈ పేర్లు నగరములలోని కళాభిమానులకు సుపరిచితములు. మన పంచాయతీ సభ్యులలో ఎందరు విని యుందురో! ఇది సభ్యుల లోపము కాదు. హైదరాబాదు మాదాపూరులోని రాష్ట్ర చిత్రశాలను గాని, ఆ నగరమున 2015లో ప్రారంభమైన భారత ఛాయాచిత్రోత్సవమును గాని చూడవలెనన్న పల్లెవాసికి ఒకనాటి కూలియు, బస్సు ఖర్చును పోవును.

ప్రజలు చిత్రశాలకు పోలేనప్పుడు చిత్రములే ప్రజలున్న చోటికి రావచ్చును. దీనిని ఆచరణలో చూపిన ఊరొకటి ఫ్రాన్సు దేశపు పశ్చిమభాగమున, బ్రిటనీ ప్రాంతములో కలదు. దాని పేరు లా గసిలీ. జనాభా సుమారు 4,000. అనగా మన పెద్ద పంచాయతీ యంత. ఆ ఊర సౌందర్యసాధనముల పరిశ్రమను నెలకొల్పిన కుటుంబమునకు చెందిన జాక్ రొషే అను నతడు 2004లో అచట ఛాయాచిత్రోత్సవమును ప్రారంభించెను. ప్రదర్శనమునకు భవనము కట్టలేదు. మనిషికంటె ఎత్తైన చిత్రములను వీధిగోడలపైనను, తోటలలోను, బాటల ప్రక్కనను నిలిపిరి. ప్రవేశరుసుము లేదు. మానవునికిని ప్రకృతికిని గల సంబంధమే చిత్రముల ముఖ్యవిషయము. వేసవినెలలలో ఏటేటా సుమారు 3 లక్షలమంది వచ్చి చూచుచున్నారు. రొట్టెకై అంగడికి పోవు ముసలమ్మ సైతము దారిలో పదిచిత్రములను చూచియే పోవలెను. నా దృష్టిలో ఈ ఏర్పాటులోని గొప్పతనమంతయు ఇదియే. 2018 నుండి ఆ చిత్రములు ఆస్ట్రియాలోని బాడెన్ అను ఊరికిని పోవుచున్నవి. ఒకచోట చూపినది మరియొకచోట వృథా గాకుండ ఉపయోగపడుచున్నది.

లా గసిలీకి పెద్ద పరిశ్రమ అండ యున్నది, మనకు లేదు. కాని పాఠశాల గోడయు, పంచాయతీ కార్యాలయపు వసారాయు ప్రతి గ్రామమున నున్నవి. పది పన్నెండు చిత్రములతో ఆరంభించిన చాలును. జనవరి 26, ఆగస్టు 15 వంటి దినములందో, జాతర సమయమునో జనము సహజముగనే కూడుదురు. నాయకుల జన్మదినములకు ఫ్లెక్సీలు ముద్రించు దుకాణమే ఈ పనియు చేయగలదు. అయితే ప్లాస్టిక్కునకు బదులు గుడ్డపై ముద్రింపించుట మేలు. నేరుగా ఎండ తగిలినచో రంగులు వెలియును గనుక నీడపట్టున కట్టవలెను. పిల్లల కంటికి అందు ఎత్తున నుండవలెను. చిత్రము క్రింద ఎవరు తీసిరో, ఎచటిదో, ఏ యేటిదో తెలుగులో పెద్ద అక్షరములతో వ్రాయవలెను.

చిత్రములు సంపాదించుట కష్టము కాదు. 2008లో ఏర్పడిన హైదరాబాదులోని జవహర్‌లాల్ నెహ్రూ వాస్తుశిల్ప, లలితకళా విశ్వవిద్యాలయములో చిత్రలేఖనముతోపాటు ఛాయాగ్రహణమును కూడ బోధింతురు. విశాఖపట్టణములోని ఆంధ్రవిశ్వవిద్యాలయమునను లలితకళల శాఖ కలదు. అచటి విద్యార్థులకు పంచాయతీ తరఫున ఒక ఉత్తరము వ్రాయవచ్చును. తమ పని నలుగురు చూడవలెనని కోరని కళాకారుడుండడు.

ఇచట చట్టమును గూర్చి కొంత తెలియవలెను. సెల్‌ఫోనులో కనబడిన చిత్రమును అడుగకయే ముద్రించి కట్టరాదు. 1957 నాటి కాపీరైటు చట్టము ననుసరించి చిత్రముపై హక్కు చిత్రకారుని జీవితకాలమును, పిమ్మట 60 సంవత్సరములును ఉండును. ఛాయాచిత్రములకు గూడ ఇదే గడువు వర్తించునట్లు 2012లో సవరణ జరిగినది. కనుక వ్రాతపూర్వకముగా అనుమతి పొందవలెను. మరియొక సంగతి పెక్కుమందికి తెలియదు: ఇంటివారు సొమ్మిచ్చి తీయించుకొన్న ఛాయాచిత్రమునకు, వేరు ఒప్పందము లేనియెడల, ఆ సొమ్మిచ్చినవారే మొదటి హక్కుదారులు.

కనుక పెట్టెలలోని పాత పెండ్లిచిత్రములను, ఎండిపోయిన చెరువు నిండుగానున్ననాటి చిత్రములను ఆయా ఇండ్లవారినడిగి ప్రదర్శనమున చేర్చవచ్చును. అసలు పటమును తీసికొనక, ఆ ఇంటి అరుగుమీదనే సెల్‌ఫోనుతో నకలు తీసి వెంటనే తిరిగి ఇచ్చివేయవలెను. స్త్రీల చిత్రములున్నచో వారినే అడుగవలెను; ఇంటి మగవారి మాట చాలదు. ఊరి యువకులు తీసిన క్రొత్త చిత్రములను ప్రక్కనే ఉంచినచో చెరువుగట్టు నాడెట్లుండెనో నేడెట్లున్నదో ఒక్కచూపున తెలియును. గ్రామసభలో ఆక్రమణలను గూర్చి గంటసేపు వాదించుటకంటె ఇది సులువు.

ప్రదర్శనము ముగిసిన పిమ్మట చిత్రములను చుట్టి పాఠశాల గ్రంథాలయమున భద్రపరుపవలెను. పొరుగు పంచాయతీవారు కోరినచో ఎరువియ్యవచ్చును. ఇచ్చిన తేదీని, చిత్రముల సంఖ్యను, పుచ్చుకొన్నవారి సంతకమును చిట్టాలో ఎక్కించవలెను.